పాకము లేని తీపి

మయామీ రేవు విడిచిన తొలిరాత్రి మా బల్లమీదికి వచ్చిన భోజనపట్టికలో చిట్టచివర, అయిదారు మధురపదార్థముల పేర్లకు దిగువను, ‘చక్కెర చేర్చనిది’ అని చిన్న గుర్తు పెట్టిన ఆపిల్ పై ఒకటి కానవచ్చెను. పదునాలుగేండ్లుగా మధుమేహముతో కాపురము చేయుచు, పెండ్లిండ్లలో లడ్డూల వరుస వచ్చినప్పుడెల్ల విస్తరిపై అరచేయి అడ్డము పెట్టుటకు అలవాటుపడిన నాకు, వేలమందికి వండి వార్చు ఆ విహారనౌకలో నాబోటివానిని తలచుకొన్న వంటవాడొకడు కలడని తెలిసి మనసు చల్లబడెను. “మామయ్యగారూ, ఇందులో చక్కెర లేదట. నిశ్చింతగా తినండి” అని మా కోడలు ఆ పట్టికను నావైపు జరిపెను. నా భార్య మాత్రము కళ్ళజోడు సవరించుకొని, “చక్కెర లేదన్నారు సరే, పిండి లేదన్నారా?” అని అడిగెను. ఆ ప్రశ్నను ఎవరును పట్టించుకొనలేదు. అందరికంటె ముందుగా పట్టించుకొననివాడను నేనే.

పై వచ్చెను. దాని పైపొర నాని ఆరిన అట్టముక్కవలె నుండెను. లోని ఆపిల్ ముక్కల చుట్టును గంజివంటి జిగురొకటి పట్టియుండెను. తీపి యున్నది గాని అది నాలుకకు ఆలస్యముగా తగిలి, మ్రింగిన తరువాతను వదలక, కాఫీ త్రాగినను పోక, గదికి చేరువరకు నావెంట వచ్చినది. రెండు గంటల తరువాత వ్రేలు గ్రుచ్చి గ్లూకోమీటరులో చూచుకొనగా 221 అని అంకె కనబడెను. భోజనమైన రెండు గంటలకు 180 దాటరాదని మా వైద్యుని కట్టడి. ఆ రాత్రి వెన్న పూసిన రొట్టెబిళ్ళలు కూడ రెండు తింటిని గనుక దోషమంతయు ఆ పై నెత్తిన రుద్దుట న్యాయము కాదు. ఒక మనిషి రక్తములో ఒక రాత్రి కనబడిన అంకె శాస్త్రప్రమాణమును కాదు. అయినను, ముప్పదియేండ్లు కళాశాలలో రసాయనశాస్త్రము బోధించి, చక్కెర నిర్మాణమును నల్లబల్లపై ఎన్ని వందల సార్లు గీచితినో లెక్కలేని నేను, అది పళ్ళెములోనికి వచ్చునప్పటికి ఆ పాఠమును మరచితినే యని సిగ్గుపడితిని.

ఈ మరపునకు కొంత కారణము రోగము పేరులోనే యున్నదని నా యూహ. చీమలు చేరు తియ్యని మూత్రమును గుర్తించి మన ప్రాచీన వైద్యులు దీనికి మధుమేహమని పేరిడిరి. 1776లో మాథ్యూ డాబ్సన్ అను ఆంగ్లవైద్యుడు అట్టి మూత్రమును ఇగిరించి, అడుగున మిగిలినది చక్కెరయే యని చూపెను. నేడు మన ఊళ్ళలో ‘ఆయనకు షుగరు’ అను ఒక్క మాట నిలిచినది. పేరు షుగరు గనుక శత్రువును షుగరే యని, అది లేని దేదైనను మిత్రమే యని మనము తలతుము. దేహమున కీ పేర్లతో పని లేదు. గోధుమపిండి నూరు గ్రాములలో సుమారు 75 గ్రాములు పిండిపదార్థము. పిండిపదార్థమనగా వందలకొలది, వేలకొలది గ్లూకోజు అణువులు చేయి చేయి పట్టుకొని నిలిచిన గొలుసు. నోటిలోని లాలాజలమే ఆ గొలుసును తెంపుట కారంభించును. చిన్నప్రేవు ఆ పనిని ముగించును. మనము పంచదార యనెడి సుక్రోజులోనో, సగము గ్లూకోజు, సగము ఫ్రక్టోజు. ఈ ఫ్రక్టోజు చాలవరకు కాలేయమునకు పోవునే గాని వెంటనే రక్తములోని గ్లూకోజును పెంచదు. కాబట్టి తూకమునకు తూకము చూచినచో పంచదారకంటె పిండిపదార్థమే దాదాపు రెండింతల గ్లూకోజును రక్తములోనికి దింపును. 1981లో టొరంటో నగరమున డేవిడ్ జెన్‌కిన్స్, ఆయన సహచరులు, ఆహారము రక్తములో గ్లూకోజు నెంత పెంచునో చూపుటకై ప్రతిపాదించిన గ్లైసీమిక సూచికలో గ్లూకోజుకు 100 వేసినచో తెల్లరొట్టెకు సుమారు 75, పంచదారకు సుమారు 65 పడును. నా భార్య రసాయనశాస్త్రము చదువలేదు; ముప్పదియేండ్లు పిండి కలిపినది.

గుర్తుల సంగతియు కొంత చెప్పవలెను. అమెరికా ఆహారనిబంధనల ననుసరించి, ఒక వడ్డనలో అర గ్రాముకంటె తక్కువ చక్కెర యున్న దానినే ‘షుగర్ ఫ్రీ’ యనవచ్చును. ‘చక్కెర చేర్చనిది’ యనగా తయారీలో చక్కెర వేయలేదనియే గాని, పండులోను పాలలోను సహజముగా నున్నది లేదని కాదు. రెండు మాటలును అబద్ధములు కావు. రెండును పిండిని గూర్చి మౌనము వహించును.

అంకె సంగతి అటుండనిండు. రుచి యేల చెడినది? ఆ జాడ మా అమ్మ వంటింటిలో నాకు దొరకినది. సంక్రాంతి ముందు అరిసెలకు బెల్లపు పాకము పట్టునప్పుడు ఆమె గరిటె చివర కొంచెము తీసి, పళ్ళెములోని చన్నీటిలో జారవిడిచి, వ్రేళ్ళతో దగ్గరకు చేర్చి చూచెడిది. నీటిలో చెదరినచో పాకము లేత. మెత్తని ఉండగా నిలిచి వ్రేళ్ళ నడుమ అణగినచో తడిపిండి పోయుటకు వేళ యైనది. ఆ ఉండ పళ్ళెమునకు తగిలి ఠంగుమని మ్రోగినచో ముదిరినది, ఇక అరిసెలు పండ్లకు పరీక్షయే. నీరు ఆవిరియగుకొలది ద్రావణము చిక్కనై, దాని మరుగుస్థానము నూరు డిగ్రీలనుండి నూటపదునైదు ప్రాంతమునకు ఎక్కుచుండగా, థెర్మామీటరు చేయు పనిని ఆమె రెండు వ్రేళ్ళు చేయుచుండెను. ఆ పాకమే పిండిని పట్టి నిలుపును. నూనెలో అరిసెకు ఎఱుపు తెచ్చును. నీటిని తనయందు బంధించి బూజునకు అందనీయక, పదునైదు దినములైనను అరిసెను మెత్తగా నుంచును. ఇన్ని పనుల నడుమ తీపి ఒక పని మాత్రమే. వంటవాని దృష్టితో చూచినచో అన్నిటికంటె తేలికైన పని కూడ అదియే. బెల్లమునకు బదులు కృత్రిమమైన తీపిపొడి వేసి అరిసెలు చేయబూనినవారికి ఈ సంగతి మొదటి వాయితోనే తెలిసివచ్చును.

ఓడలోని పాశ్చాత్య మిఠాయివాని కష్టమును ఇదియే. కేకునకు వెన్నను పంచదారతో కలిపి గిలకొట్టునప్పుడు ఆ పలుకుల అంచులు వెన్నలో వేలకొలది గాలిబుడగలను తొలచును. పొయ్యిలో ఉబ్బి కేకును పైకెత్తునవి అవియే. పంచదార తడిని తనవైపు లాగికొనుటచే గోధుమలోని గ్లూటెన్ గట్టి వలగా అల్లుకొనదు. పిండియు, గ్రుడ్డును బిగిసికొనుట ఆలస్యమగును. ఆ ఆలస్యములోనే కేకు పొంగుటకు వ్యవధి దొరకును. బంగారువన్నెయు, కమ్మని మాడువాసనయు చక్కెరల చలవయే. ఐస్‌క్రీములో పంచదార నీటి ఘనీభవనస్థానమును తగ్గించుటచేతనే, శీతలపేటికలో మైనస్ పదునెనిమిది డిగ్రీల చలిలో కూడ కొంత నీరు గడ్డకట్టక మిగిలి, చెంచా దిగును. అది లేనినాడు ఐస్‌క్రీము గుండ్రాయి. ఇప్పుడొక లెక్క చూడుడు. కేకులోని 200 గ్రాముల పంచదార తీపికి, దానికంటె సుమారు 600 రెట్లు తియ్యనైన సుక్రలోజు మూడవవంతు గ్రాము చాలును. తీపి సరిపోయినది. మిగిలిన 199 గ్రాముల పైచిలుకు చోటులో ఎవరు పని చేయుదురు?

ఈ కృత్రిమమైన తీపులు పుట్టిన తీరు వినోదకరము. ప్రయోగశాలలో చేతులు కడుగుకొనవలెనని నేను ముప్పదియేండ్లు విద్యార్థులను మందలించితిని గాని, ఈ శాస్త్రము మాత్రము చేతులు కడుగనివారి వలననే వృద్ధి పొందినది. 1879లో బాల్టిమోర్ నగరపు జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయములో ఐరా రెమ్సెన్ ప్రయోగశాలయందు తారుసంబంధమైన పదార్థములపై కృషి చేయుచుండిన కాన్‌స్టాంటిన్ ఫాల్‌బెర్గ్, రాత్రి భోజనమునకు కూర్చుండి రొట్టె కొరుకగా అది వింత తియ్యదనముతో నుండెను. తీపి రొట్టెది కాదు, చేతులది. అదియే శాకరిన్. 1965లో కడుపుపుండు మందుకొరకు శోధించుచుండిన జేమ్స్ ష్లాటర్ కాగితము తీయబోయి వ్రేలు నాకగా ఆస్పర్టేమ్ బయటపడెను. 1976లో లండనులోని క్వీన్ ఎలిజబెత్ కళాశాలలో శశికాంత్ ఫడ్నిస్ అను భారతీయ యువకుడు, క్లోరిన్ చేర్చిన ఒక చక్కెరను ‘టెస్ట్’ చేయుమని ఆచార్యుడు చెప్పగా ‘టేస్ట్’ చేయుమని విని నాలుకపై వేసికొనెను. సుక్రలోజు ఆ విధముగా లోకమునకు వచ్చినది. మన ఉచ్చారణలను పరిహసించువారికి ఈ కథ చెప్పుట నాకు మిక్కిలి ప్రీతి.

అమెరికా హోటళ్ళలో వలెనే ఓడలో కాఫీబల్లమీదను ఇవి రంగురంగుల పొట్లములుగా నుండును: గులాబివన్నెది శాకరిన్, నీలము ఆస్పర్టేమ్, పసుపు సుక్రలోజు, ఆకుపచ్చ పరాగ్వే దేశపు ఆకు స్టీవియానుండి తీసినది. పొట్లములోని పొడిలో చాలపాలు బరువుకొరకు కలిపిన డెక్‌స్ట్రోజో మాల్టోడెక్‌స్ట్రినో అయియుండును. అది గ్లూకోజు జాతిదే యైనను, ఒకటి రెండు పొట్లములకు లెక్కలోనిది కాదు. శాకరిన్ మన నాలుకపై తీపిని గుర్తించు ద్వారములనే గాక చేదును గుర్తించువానిలో కొన్నిటిని కూడ తట్టును గనుక చివర ఒక చేదు మిగులును. ఆస్పర్టేమ్ వేడికి విచ్చిపోవును. కావున దానిని చల్లని పదార్థములలోనే వాడవలెను, కాల్చువానిలో కాదు. సుక్రలోజు వేడికి చాలవరకు ఓర్చును. నా ఆపిల్ పైలో తీపి ఆలస్యముగా వచ్చి ఆలస్యముగా పోయినదనిన, ఇట్టిదేదో అందులో నున్నదని అర్థము.

ఖాళీయైన ఆ చోటును నింపుటకు వంటవారు చక్కెర ఆల్కహాలుల నాశ్రయింతురు. పేరు విని బెదరనక్కరలేదు. వీనిలో మత్తు లేదు. సార్బిటాల్, మాల్టిటాల్, జైలిటాల్, ఎరిత్రిటాల్ అనునవి వీనిలో ముఖ్యములు. మాల్టిటాల్ పంచదార తీపిలో పదింట తొమ్మిదివంతులు గలది. గ్రాముకు పంచదార నాలుగు కాలరీలనీయగా ఇది రెండింటికి కొంచెము పైగా నిచ్చును. గ్లైసీమిక సూచికలో దీని స్థానము సుమారు 35. అనగా చక్కెరలేని చాక్లెట్లలో తఱచుగా నుండెడి యీ పదార్థము రక్తమున గ్లూకోజును తక్కువగా పెంచునే గాని పెంచకపోదు. ఎరిత్రిటాల్ పెంచదనియే చెప్పవచ్చును. కాని అది కరగునప్పుడు వేడిని గ్రహించుటచే నోరు పిప్పరమెంటు తిన్నట్లు చల్లబడును, పైగా చల్లారిన మిఠాయిలో పలుకులు కట్టి ఇసుకవలె తగులును. ఇది రక్తములో హెచ్చుగా నున్నవారికి గుండెపోటు, పక్షవాతము హెచ్చుగా వచ్చుటను 2023లో అమెరికా పరిశోధకులు గమనించిరి. కారణము ఇదియే యని తేలలేదు గాని, దినదినమును గుప్పెళ్ళతో తినుట మానదగును. ఆ యేడే ప్రపంచ ఆరోగ్యసంస్థ, శాకరిన్ మొదలగు వానిని బరువు తగ్గుటకు సాధనముగా వాడవలదని సలహా యిచ్చెను. అయితే ఆ సలహా అప్పటికే మధుమేహమున్నవారిని ఉద్దేశించినది కాదని అందులోనే చెప్పియున్నారు, ఈ రెండవ వాక్యమును పత్రికలు తఱచుగా వదలివేయును.

ఈ ఆల్కహాలులలో చాలవానికి ఓడలో ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. చిన్నప్రేవులో పూర్తిగా జీర్ణము కాక పెద్దప్రేవునకు దిగి, అవి నీటిని లోనికి లాగును. అచ్చటి సూక్ష్మజీవులు వానిని పులియబెట్టి వాయువు పుట్టించును. నాలుగు చాక్లెట్ బిళ్ళలకు ఏమియు కాదు. సంచి ఖాళీచేసినవానికి విరేచనములు పట్టును. ఇంటివద్దనైనచో అది నవ్వుకొని మరచు సంగతి. విహారనౌకలలోనో, నోరోవైరస్ అను అంటువ్యాధి భయముచే, ఇరువదినాలుగు గంటలలో మూడు మారులు నీళ్ళవిరేచనమైన ప్రయాణికుని వైద్యశాలవారు జాబితా కెక్కింతురు, గది విడిచి రావలదందురు. చక్కెరలేని చాక్లెట్లకొరకు రెండు దినముల సముద్రమును గోడలనడుమ పోగొట్టుకొనుట మంచి బేరము కాదు.

మేము సంచరించుచున్న ఆ సముద్రమే చక్కెర సముద్రమని మూడవనాడు పైయంతస్తులో కుర్చీ వేసికొని కూర్చుండగా తోచెను. 1493లో కొలంబస్ తన రెండవ యాత్రలో చెఱకు ముక్కలను హిస్పానియోలా దీవికి తెచ్చెను. ఆ చెఱకును నరకుటకు ఆఫ్రికానుండి లక్షలకొలది మనుష్యులను సంకెళ్ళతో తెచ్చిరి. 1848లో ఫ్రెంచి దీవులలో దాస్యము తొలగగా, గ్వాడెలూప్, మార్టినీక్ తోటలకు పుదుచ్చేరి, కారైకాల్ రేవులనుండి కూలీల నెక్కించిరి. వారిలో అధికసంఖ్యాకులు తమిళులు. మన తెలుగువారును ఉండిరి. వారు పొట్టకూటికై నరికిన చెఱకు ఐరోపా తేనీటి గిన్నెలలో కరగినది. నూటయేబది సంవత్సరముల తరువాత అదే జలములపై తెలుగువాడొకడు చక్కెర లేని మిఠాయి కావలెనని వెయిటరును వెదకుచుండెను. ఇది వ్యాసమునకు పనికివచ్చు విషయము కాదని తెలియును. కాని ఆ మధ్యాహ్నమంతయు నా మనసును విడువలేదు.

ఇక ఎన్నిక మాట. ఏ మిఠాయిలో చక్కెరకు తీపి తప్ప వేఱు పని లేదో, అది చక్కెర తీసివేసినను చెడదు. ఈ ఒక్క గీటురాయితో పట్టికను చదువగా చీకటి విడినట్లయ్యెను. స్పాంజి కేకు, బిస్కత్తు, పై, గ్రుడ్డు తెల్లసొన నురుగుతో చేయు మెరింగ్, ఐస్‌క్రీము: ఇవన్నియు పాకము పోయిన అరిసెలే, చక్కెర లేని రూపములో వీనిని ముట్టరాదు. జెలాటిన్‌తో చల్లగా పేరుకొను పన్నా కోటా, గట్టి మీగడతో గిలకొట్టిన మూస్, అడుగున బిస్కత్తు పొర లేని చీజ్‌కేకు, పొయ్యిలో నీటిపళ్ళెమునందుంచి ఉడికించిన కస్టర్డు: వీనిని నిలుపునది క్రొవ్వో, జెలాటినో, గ్రుడ్డో, చక్కెర ఇందు అతిథి. ఇవియు పూర్తిగా నిర్దోషములు కావు. పాలు నూరు మిల్లీలీటర్లలో సుమారు అయిదు గ్రాముల లాక్టోజు ఉండనే యుండును. అయినను పై ముక్కలోని పిండితో పోల్చినచో అది స్వల్పము.

మాకు వడ్డించు ఇండోనేషియా యువకునితో ఈ మాట చెప్పగా, అతడు ప్రధానవెయిటరును పిలుచుకొనివచ్చెను. వేలమందికి మిఠాయిలు మధ్యాహ్నమే తయారగునట. బల్లవద్ద కూర్చుండి అడిగినవానికి ఉన్నదే వచ్చును, ముందటిరాత్రి చెప్పినవానికి వేఱుగా చేయవచ్చునట. నాటినుండి ప్రతిరాత్రియు ప్రధానవెయిటరు మరునాటి పట్టికను తెచ్చి నా ముందు పెట్టుచుండెను. మొదట వచ్చిన కస్టర్డు కొంచెము విఱిగి, అడుగున నీరు చిమ్మెను. ఇందు వంటవాని తప్పు తక్కువ: పంచదార గ్రుడ్డులోని మాంసకృత్తులు గడ్డకట్టు వేడిని పైకి జరుపును, అది లేనందున కస్టర్డు అలవాటైన వేళకంటె ముందే ఉడికి, మిగిలిన నిమిషములలో విఱిగినది. ఆ సంగతి చెప్పి పంపగా, మరుసటిమారు వచ్చినది చిన్న పింగాణిగిన్నెలో వణకుచు, పైన జాజికాయపొడి చల్లుకొని, చెంచా తగిలినచోట నున్నగా తెగెను. ఆ రాత్రి రొట్టెబిళ్ళలను ముట్టలేదు. అంకె 152.

దానికంటె సులభమైనది ఉదయపు బఫేలోనే యుండెను: రాస్ప్‌బెర్రీ, స్ట్రాబెర్రీ పండ్లును, పంచదార కలుపని మీగడయు. రాస్ప్‌బెర్రీ నూరు గ్రాములలో చక్కెర సుమారు నాలుగున్నర గ్రాములు, పీచు ఆరు గ్రాములకు పైగా. మన మామిడిలో చక్కెర నూటికి పదునాలుగు గ్రాముల ప్రాంతము. బంగినపల్లిని తలచుకొని నిట్టూర్చుటకు ఇది సమయము కాదు. కప్పులో చల్లని బెర్రీలపై మీగడ పోసి, పసుపు పొట్లము సగము చల్లుకొని, రేవులో దీవి దగ్గరపడుచుండగా తినుటలో లోటేమియు నాకు కానరాలేదు.

ఒక రాత్రి నిజమైన చాక్లెట్ కేకునే తింటిని. ఈ వ్యాసమునుండి ఆ సంగతి దాచుట ఉచితము కాదు. దాని నడుమ కరగిన చాక్లెట్ గోరువెచ్చగా పారుచుండెను. నా భార్యయు నేనును ఒక్క ముక్క తెప్పించుకొని, ఆమె పెద్దపాలు, నేను నాలుగు చెంచాలు. అందుకు ముందు రొట్టెయు, బంగాళాదుంపయు మాని, చేపయు కూరలును తిని, చివరను దానిని తింటిని. పిండిపదార్థములను పదునైదేసి గ్రాముల వంతులుగా లెక్కించుట మధుమేహవైద్యములో నున్న పద్ధతి, రొట్టెబిళ్ళ ఒక వంతు, ఆ నాలుగు చెంచాలును సుమారు ఒక వంతు, ఇచ్చి పుచ్చుకొంటిని. మాంసకృత్తులును క్రొవ్వును ముందుగా కడుపులో చేరినచో జఠరము నెమ్మదిగా ఖాళీయగును. గ్లూకోజును తోసికొని రాక వరుసలో వచ్చును. తరువాత ఓడ చుట్టును మూడు మారులు నడచితిమి. చక్కెర లేదని చెప్పి గంజి తినిపించిన పైకంటె, చక్కెర కలదని ఒప్పుకొన్న ఆ నాలుగు చెంచాలే నాకు మర్యాదగా తోచినవి.

ఇన్సులిన్ తీసికొనువారు మాత్రము ఒక జాగ్రత్త పాటింపవలెను. రానున్న మిఠాయిని లెక్కవేసి ముందుగానే మందు పొడుచుకొన్నవానికి, పళ్ళెములో వచ్చినది మీగడయు జెలాటినుమాత్రమే యైనచో, రక్తములో గ్లూకోజు పడిపోవును. ఎండలో దీవి చూడబోయి నడచిననాడు ఆ ప్రమాదము మరింత హెచ్చు. చెమటపట్టి, చేతులు వణకి, కండ్లు తిరుగునప్పుడు గులాబి, నీలము, పసుపు, ఆకుపచ్చ పొట్లము లేవియు పనికిరావు. పదునైదు గ్రాముల అసలైన చక్కెర, లేదా గ్లూకోజు బిళ్ళలు, వెంటనే నోట వేసికొని, పదునైదు నిమిషముల తరువాత మరల పరీక్షించుకొనవలెను. ఆకార్బోజ్ మాత్రలు వాడువారికి పంచదారయు చాలదు, ఆ మందు దాని విచ్ఛిత్తిని అడ్డగించును గనుక గ్లూకోజే కావలెను. ఏడు దినములును ఓడలో చక్కెర లేని తీపికై వెదకిన నేను, ఒడ్డు దిగిన ప్రతిమారును చొక్కా జేబులో గ్లూకోజు బిళ్ళల గొట్టమొకటి పెట్టుకొని దిగితిని. మెట్లవద్ద నా భార్య ప్రతిదినమును ఆ జేబును తట్టి చూచెడిది.